ఒక్క చాకు చాలు: ఏళ్ల తరబడి జేబులో ఉండేదాన్ని ఎంచుకోవడం ఎలా

చాకులు ఎక్కువగా ఉన్నవాళ్ల దగ్గర చాలాసార్లు పదునైన చాకు ఒక్కటీ ఉండదు. వినడానికి వింతగా ఉన్నా కారణం తేలికగానే అర్థమవుతుంది. కొత్తది కొన్నప్పుడు ఫ్యాక్టరీలో పెట్టిన పదునుతో కొన్నాళ్లు హాయిగా గడుస్తుంది. ఆ పదును మందగించేలోపే ఇంకొకటి వచ్చేస్తుంది. దాంతో ఏ చాకునూ సానరాయి మీద పెట్టే అవసరం రాదు, ఏ పిడీ చేతికి అలవాటు కాదు. ఒకే చాకు వాడే మనిషి సంగతి వేరు. ఎంత నొక్కితే ఎంత తెగుతుందో, ఎక్కడ జారుతుందో, ఎన్నాళ్లకోసారి పదును పెట్టాలో అతని వేళ్లకే తెలిసిపోతుంది.

సేకరణ తప్పని నేను అనను. చాకుల తయారీలోని పనితనాన్ని చూసి ఆనందించేవాళ్లకు అది మంచి హాబీ. కానీ రోజూ జేబులో వేసుకుని తిరిగేదాని లెక్క వేరు. వాడుకకు ఒక్కటే సరిపోతుంది, ఆ ఒక్కదాన్ని నిదానంగా ఎంచుకోవాలి అన్నది నా గట్టి నమ్మకం. ఎలా ఎంచుకోవాలో వరసగా చెబుతాను.

1. ముందు మీరేం కోస్తున్నారో రాసుకోండి

షాపుకు వెళ్లకండి, వీడియోలు చూడకండి. ఒక రెండు వారాలపాటు చాకు అవసరమైన ప్రతిసారీ ఫోన్లో ఒక మాట రాసుకోండి. కత్తెరతోనో, తాళంచెవితోనో, పళ్లతోనో పని కానిచ్చిన సందర్భాలను కూడా రాయండి. చాలామంది జాబితా ఇంచుమించు ఒకేలా ఉంటుంది: పార్సిల్ టేపు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ పట్టీలు, తాడు, దారపు పోగులు, ఒక పండు, అప్పుడప్పుడు పెన్సిల్ చెక్కడం. అడవిలో కట్టెలు చీల్చడం, వేట మాంసం కోయడం అందులో దాదాపు ఎవరికీ ఉండవు. కొనేటప్పుడు మాత్రం అలాంటి ఊహలే మన చేత బరువైన, మందమైన చాకులు కొనిపిస్తాయి.

జాబితా మీద కాస్త సమయం పెట్టండి, సగం నిర్ణయం అక్కడే జరిగిపోతుంది. అట్టపెట్టెలే ఎక్కువైతే త్వరగా అరగని ఉక్కు కావాలి, ఎందుకంటే అట్ట చూడ్డానికి మెత్తగా ఉన్నా అంచును బాగా అరగదీస్తుంది. తినే వస్తువులు కోసే పని ఎక్కువైతే పలచటి బ్లేడు, తుప్పు పట్టని ఉక్కు, కడిగితే లోపల మురికి మిగలని పిడి ముఖ్యం. స్క్రూ బిగించడం, మూత తీయడం, దారం కత్తిరించడం పదేపదే కనిపిస్తే మీకు కావలసింది ఒంటి బ్లేడు చాకు కాదు, చిన్న పనిముట్లు కూడా ఉన్న స్విస్ తరహా చాకు.

ఒక పనిని మాత్రం జాబితాలోంచి ఇప్పుడే కొట్టేయండి. డబ్బా మూతలు ఎత్తడం, మేకులు పెకలించడం చాకు పని కాదు. మొన విరిగేది ఎక్కువగా అక్కడే.

2. చట్టం, చోటు

ఇది చిన్న విషయమే కానీ మొదట్లోనే తేల్చుకోవాలి. మడత చాకులపై ఒక్కో దేశంలో ఒక్కో నియమం ఉంటుంది. బ్రిటన్‌లో ఏ కారణమూ చూపకుండా బహిరంగంగా దగ్గర ఉంచుకోవాలంటే అది లాకు (తెరిచిన బ్లేడు మడతపడకుండా పట్టి ఉంచేది) లేని మడత చాకు అయి ఉండాలి, కోసే అంచు 3 అంగుళాలకు మించకూడదు. కొన్నిచోట్ల ఒంటిచేత్తో తెరుచుకునేవాటి మీద ఆంక్షలుంటాయి. మీరుండే చోట నియమం ఏమిటో ప్రభుత్వ వెబ్‌సైటులో చదవండి, అమ్మేవాళ్ల మాట మీద ఆధారపడకండి. విమానంలో చేతి సామానులోకి చాకు తీసుకెళ్లకండి. పెట్టెలో పెట్టి చెకిన్ చేయండి, లేదా ఇంట్లోనే వదిలేయండి. ఆఫీసులో, బడిలో, కోర్టులో నియమాలు ఇంకా కఠినంగా ఉండవచ్చు.

ఆమోదయోగ్యంగా కనిపించడం కూడా ఒక లక్షణమే. నల్లటి బ్లేడు పెద్ద చప్పుడుతో తెరుచుకుంటే పక్కవాళ్లు కంగారు పడతారు. రెండు చేతులతో నెమ్మదిగా తెరిచే చిన్న చాకును ఎవరూ పట్టించుకోరు. ఎక్కడ బయటికి తీయడానికైనా మొహమాటం లేని చాకునే మీరు నిజంగా వాడతారు.

3. కొలతలు: పలచదనానికే మొదటి ఓటు

రోజువారీ పనులకు 65 నుంచి 85 మిల్లీమీటర్ల బ్లేడు చాలు. అంతకన్నా చిన్నదైతే పండు కోయడం కష్టమవుతుంది, పెద్దదైతే జేబులో అడ్డం పడుతుంది.

బరువు సంగతి కొనేటప్పుడు తెలియదు, మోస్తే తెలుస్తుంది. మూసినప్పుడు 91 మిల్లీమీటర్ల పొడవుండే విక్టోరినాక్స్ స్పార్టన్ అనే స్విస్ చాకు సుమారు 60 గ్రాములు. ఓపినెల్ అనే ఫ్రెంచ్ మడత చాకుల్లో 8వ నంబరు 50 గ్రాముల లోపే. బక్ 110 అనే ప్రసిద్ధ అమెరికన్ మడత చాకు దాదాపు 200 గ్రాములు, అది బెల్టుకు కట్టుకునే చాకు. ప్యాంటు జేబుకు 100 గ్రాములు పైహద్దు అని నా అభిప్రాయం. అది దాటితే చాకు కొన్నాళ్లలో జేబులోంచి బల్ల మీదికి, బల్ల మీంచి సొరుగులోకి చేరుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. చాకు బాగా తెగడం ఉక్కు పేరు మీద కన్నా బ్లేడు ఆకారం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. వీపు (అంచుకు ఎదురుగా ఉండే మొద్దు వైపు) దగ్గర 3.5 లేదా 4 మిల్లీమీటర్ల మందం ఉన్న బ్లేడు ఎంత ఖరీదైన ఉక్కుతో చేసినా ఆపిల్‌ను కోయదు, చీలుస్తుంది. అట్టలోకి దిగాక బిగుసుకుపోతుంది. 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల మందంతో, వీపు నుంచి అంచుదాకా సమంగా పలచబడుతూ వచ్చే బ్లేడు మామూలు ఉక్కుదైనా సాఫీగా దిగిపోతుంది. ఓపినెల్ బ్లేడు మందం 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. దానితో ఒకసారి పండు కోసిన మనిషి మందమైన చాకును మళ్లీ ఇష్టపడటం కష్టం.

వీపు మందం కన్నా అంచుకు సరిగ్గా పైన ఎంత మందం ఉందన్నది ఇంకా ముఖ్యం. వేలు, బొటనవేలు బ్లేడుకు రెండు పక్కలా ఆనించి వీపు నుంచి అంచు వైపు మెల్లగా జార్చండి, అంచును మాత్రం తాకకండి. చివరిదాకా సన్నబడుతూ వస్తే మంచిది. కింద ఎక్కడో ఒక గట్టులా ఆగిపోయి, అక్కడి నుంచి హఠాత్తుగా అంచు మొదలైతే అది చూపులకు దృఢమైన చాకే, కోతకు మాత్రం మొండిది.

బ్లేడు ఆకారాల్లో వీపు కొద్దిగా కిందికి వాలి, మొన మధ్యరేఖకు దగ్గరగా ఉండే రకం అన్ని పనులకూ సరిపోతుంది. అంచు తిన్నగా, మొన మొద్దుగా ఉండే రకం పెట్టెలు విప్పడానికి చాలా బాగుంటుంది, లోపలి వస్తువుకు గీత పడదు. సగం రంపపు పళ్లున్న బ్లేడు తాళ్లు ఎక్కువగా కోసేవాళ్లకే పనికొస్తుంది. మిగతావాళ్లకు మామూలు అంచులో సగం పోయినట్టే, పైగా ఆ పళ్లకు మామూలు రాతి మీద పదును పెట్టలేరు.

4. ఉక్కు: మీరు పదును పెట్టగలిగేదే మీకు మంచిది

చాకుల మీద మోజున్నవాళ్లు ఎక్కువ సమయం ఉక్కు పేర్ల దగ్గరే పోగొట్టుకుంటారు. నిజానికి గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగు గుణాలు: గట్టితనం, విరగకుండా తట్టుకోవడం, అరగకుండా నిలవడం, తుప్పును ఆపడం. అన్నీ ఒకేచోట పూర్తిగా దొరకవు. ఒకటి పెంచితే మరొకటి కొంత తగ్గుతుంది.

గట్టితనాన్ని రాక్‌వెల్ సి స్కేలుతో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ ఉక్కు గట్టిది. విక్టోరినాక్స్ జేబు చాకు బ్లేడు ఆ స్కేలు మీద 56 దగ్గర ఉంటుంది. ఆ ఉక్కులో క్రోమియం సుమారు 15 శాతం కాబట్టి తుప్పు బెడద తక్కువ. ఇంకా గట్టి ఉక్కులతో పోలిస్తే పదును త్వరగా తగ్గుతుంది, కానీ ఏ చిన్న రాయి మీద రుద్దినా కొద్ది నిమిషాల్లో తిరిగి వస్తుంది. ఓపినెల్ స్టెయిన్‌లెస్ రకంలో వాడే స్వీడన్ ఉక్కు 12సి27లో కార్బన్ సుమారు 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. దానికి దగ్గరి చుట్టం 14సి28ఎన్. రెండిట్లోనూ కణాలు సన్నగా ఉంటాయి, అంచు చాలా నునుపుగా పదునెక్కుతుంది.

వీటికి అటువైపున పొడి లోహం నుంచి తయారయ్యే ఉక్కులున్నాయి. వాటిలో ఒకటైన ఎస్30వి లో వెనేడియం అనే లోహం సుమారు 4 శాతం. ఆ వెనేడియం కార్బన్‌తో కలిసి అతి గట్టి రేణువులుగా మారుతుంది, అందుకే అట్ట ఎంత కోసినా అంచు నిలుస్తుంది. ఆ రేణువులు మామూలు సానరాళ్లలోని అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టివి. కాబట్టి పదును పెట్టే రోజు వచ్చేసరికి వజ్రపు పొడి అంటించిన డైమండ్ ప్లేటు కావాలి, ఓపిక కూడా కావాలి. 2021లో వచ్చిన మాగ్నాకట్ అనే ఉక్కు ఈ తూకాన్ని బాగా సవరించింది. లోహ శాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించిన ఆ ఉక్కు తుప్పునూ తట్టుకుంటుంది, అంత సులువుగా విరగదు. మంచి ఉక్కే, దానికి తగ్గట్టే ఖరీదు కూడా.

కార్బన్ ఉక్కు అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. సులువుగా పదునెక్కుతుంది, వాడేకొద్దీ బూడిద, నీలం రంగుల పొర తెచ్చుకుంటుంది. కానీ కోయగానే తుడవాలి, అప్పుడప్పుడు నూనె రాయాలి. చెమట ఎక్కువ పట్టే జేబుకు, సముద్రపు గాలికి అది పనికిరాదు. డి2 ఉక్కును కొందరు స్టెయిన్‌లెస్ అని అమ్ముతారు. క్రోమియం 12 శాతం దాకా ఉన్నా అందులో చాలా భాగం రేణువుల్లో చిక్కుకుపోయి తుప్పును ఆపడానికి మిగలదు. తడిగా వదిలేస్తే మచ్చలు పడతాయి.

నా సలహా సూటిగా చెబుతాను. మీకు పదును పెట్టడం ఇంకా రాకపోతే 12సి27, 14సి28ఎన్, లేదా స్విస్ చాకుల ఉక్కు తీసుకోండి. సులువుగా పదునెక్కే ఉక్కు మీద చెయ్యి తిరిగితే చాకు ఎప్పుడూ పదునుగానే ఉంటుంది. ఎక్కువకాలం పదును నిలిచే ఉక్కు కొని, అది మొద్దుబారాక భయపడి పక్కన పెట్టడం కన్నా ఇది ఎంతో మేలు. ఇంకో మాట: ఒకే ఉక్కు అయినా దాన్ని కాల్చి చల్లార్చిన పద్ధతిని బట్టి గుణం మారిపోతుంది. అందుకే మామూలు ఉక్కునే బాగా కాల్చి చల్లార్చే పేరున్న కంపెనీ, గొప్ప ఉక్కు పేరు చెక్కి అమ్మే తెలియని కంపెనీ కన్నా నమ్మదగింది.

5. లాకు అవసరమా?

మీ జాబితాలో ఉన్న పనుల్లో చాలావాటికి లాకు అక్కర్లేదు. కోసేటప్పుడు ఒత్తిడి అంచు మీద పడుతుంది, అది బ్లేడును తెరిచే దిశలోనే నెడుతుంది. మొనతో పొడిచేటప్పుడు, లోపల బిగుసుకున్న బ్లేడును లాగేటప్పుడు మాత్రం అది వేళ్ల మీదికి మడతపడే ప్రమాదం ఉంది. వెనక స్ప్రింగు బలంతోనే నిలిచే లాకు లేని చాకు మనకు జాగ్రత్త నేర్పుతుంది, చాలా దేశాల్లో చట్టానికీ ఇబ్బంది ఉండదు.

లాకు కావాలనుకుంటే విడిభాగాలు తక్కువగా ఉన్నదాన్ని చూడండి. 1955లో వచ్చిన ఓపినెల్ ఉంగరం లాకు తిప్పితే బిగుస్తుంది, అంతే. పిడి వెనక నొక్కి మూసే లాకు పాతది, దృఢమైనది, ఎడమచేతి వాటం వాళ్లకూ అనువైనది. లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడును ఆపే లైనర్ లాకును 1980లలో చాకుల తయారీదారు మైకేల్ వాకర్ ఇప్పటి రూపానికి తెచ్చారు. పిడి చట్రమే లాకుగా పనిచేసే పద్ధతిని క్రిస్ రీవ్ తన సెబెంజా చాకుతో ప్రసిద్ధం చేశారు. ఈ రెండింటిలో మూసేటప్పుడు బొటనవేలు క్షణం పాటు బ్లేడు దారిలో ఉంటుంది, అలవాటయ్యేదాకా నెమ్మదిగా మూయాలి. ఏ లాకు అయినా జేబులోని నూగు చేరితే సరిగ్గా పడదు. దాన్ని నమ్మి వేలు అడ్డం పెట్టకండి.

6. పిడి, మరమ్మతు

పిడి మీద వేళ్లకు గుంటలు చెక్కిన చాకులు షాపులో పట్టుకున్నప్పుడు భలే కుదిరినట్టు ఉంటాయి. పట్టు మార్చగానే ఆ గుంటలే గుచ్చుకుంటాయి. సాదాగా, అంచులు గుండ్రంగా ఉన్న పిడే అన్ని పట్లకూ నప్పుతుంది. జేబుకు తగిలించే క్లిప్పు ఉంటే గట్టిగా పిడికిలి బిగించి చూడండి, ఎక్కువ చాకుల్లో అరచేయి నొప్పెట్టేది అక్కడే.

చెక్క చేతికి హాయిగా ఉంటుంది కానీ తడిస్తే ఉబ్బి బ్లేడును బిగించేస్తుంది. నైలాన్, గాజునార పిడులకు ఆ బాధ లేదు. అల్యూమినియం పలచగా, తేలికగా వస్తుంది.

ఏళ్ల తరబడి ఉండాలంటే ఒక ప్రశ్న తప్పనిసరిగా అడగాలి: ఇది పాడైతే ఎవరు బాగుచేస్తారు? స్క్రూలున్న చాకును మీరే విప్పి శుభ్రం చేయవచ్చు, వదులైతే బిగించుకోవచ్చు. రివెట్లు కొట్టిన చాకు విప్పలేం కానీ దానంతటది వదులవడం తక్కువ. క్లిప్పు, స్ప్రింగు, చిన్న పనిముట్లు విడిగా అమ్మే కంపెనీ, మరమ్మతుకు వెనక్కి తీసుకునే కంపెనీ ఉంటే అక్కడే మొగ్గండి. ఏటా పాత మోడళ్లు ఆపేసి కొత్తవి వదిలే కంపెనీ దగ్గర అయిదేళ్ల తర్వాత మీ చాకుకు స్క్రూ కూడా దొరకదు.

ఈ కోణంలో పాత నమూనాలకు గొప్ప బలం ఉంది. ఓపినెల్ 1890లో మొదలైంది. విక్టోరినాక్స్ స్థాపకుడు కార్ల్ ఎల్సెనర్ కంపెనీ 1891లో స్విస్ సైన్యానికి చాకులు ఇచ్చింది, మనకు తెలిసిన ఆఫీసర్ చాకు 1897 నాటిది. ఇంతకాలం నిలిచిన నమూనాలో పెద్ద లోపాలు ఎప్పుడో బయటపడి సవరణ అయిపోయి ఉంటాయి. కొత్త ఆలోచనలూ వచ్చాయి: 1981లో స్పైడర్కో అనే అమెరికన్ కంపెనీ తెచ్చిన, బొటనవేలితో తెరవడానికి బ్లేడులో ఉండే గుండ్రటి రంధ్రం, జేబు క్లిప్పు ఇవాళ చాలా చాకుల్లో కనిపిస్తాయి. ఒంటిచేత్తో తెరవాల్సిన అవసరం నిజంగా ఉన్నవాళ్లకు ఆ దారి మంచిదే.

7. చేతిలోకి వచ్చాక పరీక్ష

ఒకే మోడల్ అయినా ఒక్కో చాకూ ఒక్కోలా ఉంటుంది. వీలైతే రెండు మూడు తీయించి పోల్చండి. ఆన్‌లైన్లో కొంటే వెనక్కి ఇచ్చే గడువులోపే ఇవన్నీ చూడండి.

బ్లేడు తెరిచి మొనను రెండు వేళ్లతో జాగ్రత్తగా పట్టుకుని పక్కలకు కదపండి. కదలిక ఉండకూడదు. లాకు ఉన్నదైతే పైకీ కిందికీ కూడా చూడండి. మూసినప్పుడు మొన పూర్తిగా పిడి లోపలికి దిగాలి. మొన కొంచెం బయటికి ఉంటే జేబును, ఆ తర్వాత వేలును కోస్తుంది. బ్లేడు మూసినప్పుడు ఒక పక్కకు రాసుకోకూడదు. గోటితో తెరిచే చాకైతే గోరు విరిగేంత బిగుతు వద్దు, వదిలేస్తే ఊగేంత వదులూ వద్దు.

ఇంకో చోటు ఉంది, చాలామంది చూడరు. అంచు పిడి దగ్గర ఎలా ముగుస్తోందో గమనించండి. అక్కడ చిన్న గాడి ఉంటే సానరాయి అంచు మొత్తానికీ అందుతుంది. గాడి లేకపోతే మూల దగ్గర కొంచెం ఉక్కు అరగకుండా మిగిలి, కొన్నేళ్లకు బొడిపెలా తయారై కోతకు అడ్డుపడుతుంది. ఎక్కువకాలం వాడదలచిన చాకులో ఇది చిన్న విషయం కాదు.

చివరగా ఒక పలచటి కాగితం కోసి చూడండి. మడమ (బ్లేడులో పిడికి దగ్గరి చివర) నుంచి మొనదాకా ఎక్కడా చిరగకుండా తెగాలి. ఇది ఫ్యాక్టరీ పదును మాత్రమే, మీరు మార్చుకోగలరు. కానీ రెండు వైపులా అంచు వెడల్పు ఒకేలా లేకపోతే ఇంకొకటి అడగండి.

8. కొనేముందు ఒక నెల, కొన్నాక ఒక సంవత్సరం

ఫలానాది అని తేల్చుకున్నాక ఒక నెల ఆగండి. ఆ నెలలో మీ మనసు మరో మూడు మోడళ్ల మీదికి వెళ్తే మొదటి అడుగులోని జాబితా మళ్లీ చదవండి. నెల తర్వాత కూడా అదే కావాలనిపిస్తే కొనేయండి. ప్రసిద్ధ మోడళ్లకు నకిలీలు చాలా ఉన్నాయి, అందుకని కంపెనీ గుర్తించిన అమ్మకందారు దగ్గరే కొనండి.

కొన్నాక ఒక సంవత్సరం ఇంకో చాకు కొనకూడదని నియమం పెట్టుకోండి. కొత్తదాని మీద కోరిక ఎక్కువగా పుట్టేది చేతిలోని చాకు మొద్దుబారినప్పుడే. అది పుట్టిన రోజున సానరాయి తీయండి. పదును తిరిగొచ్చిన చాకుతో నాలుగు కాగితాలు కోసేసరికి ఆ కోరిక చాలావరకు చల్లబడుతుంది.

9. పదును పెట్టడం

రెండు వైపుల రాయి ఒకటి చాలు, గరుకైన 400 నంబరు ఒకవైపు, సన్నటి 1000 ఇంకోవైపు. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణం. కోణం కుదురుతోందో లేదో తెలియకపోతే అంచు మీద మార్కర్ పెన్నుతో రంగు పూయండి. రెండుసార్లు రుద్ది చూడండి. రంగు అంచు చివరిదాకా పోతే కోణం సరిగ్గా ఉంది. పైన మాత్రమే పోతే వీపును కొంచెం ఎత్తండి, కొనమీదే పోతే కొంచెం దించండి.

ఒకవైపు రుద్దుతూ ఉంటే అవతలివైపు సన్నటి లోహపు పొర తేలుతుంది. వీపు నుంచి అంచు బయటికి బొటనవేలు జార్చితే గరగరమని తగులుతుంది. అది మడమ నుంచి మొనదాకా తగిలేవరకూ వైపు మార్చకండి. కొత్తవాళ్లు విఫలమయ్యేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే, ఆ పొర రాకముందే ఆపేస్తారు. రెండో వైపు కూడా అలాగే తెచ్చి, తర్వాత సన్నటి రాయి మీద ఒత్తిడి తగ్గిస్తూ వైపులు మార్చుకుంటూ రుద్దండి. ఆఖరున తోలు ముక్క మీద అంచును వెనక్కి లాగుతూ కొన్నిసార్లు తుడిస్తే మిగిలిన పొర పోతుంది.

పూర్తిగా మొద్దుబారేదాకా ఆగకుండా, కాగితం కోసేటప్పుడు కాస్త పట్టేస్తోందనగానే సన్నటి రాయి మీద అయిదారు సార్లు రుద్దండి. ఇలా చేస్తే ఉక్కు అరుగుదల చాలా తక్కువ, బ్లేడు ఎన్నో ఏళ్లు వస్తుంది. కరెంటుతో తిరిగే రాళ్ల మీద ఇవ్వకండి. అవి ఒక్కసారికే బోలెడు ఉక్కు తినేస్తాయి, వేడెక్కితే అంచు గట్టితనం పోతుంది.

శుభ్రం చేయడానికి గోరువెచ్చటి నీళ్లు, సబ్బు సరిపోతాయి. తెరిచి మూసే కీలు దగ్గర పూర్తిగా ఆరనిచ్చి ఒక చుక్క మినరల్ ఆయిల్ వేయండి. వంటనూనె వాడకండి, కొన్నాళ్లకు జిగురుగా మారుతుంది.

10. ఇప్పటికే ఉన్నవాటిని ఏం చేయాలి?

ఒక్కటి ఎంచుకున్నాక మిగతావి కళ్లముందు ఉంటే ప్రతి ఉదయం ఎంపిక మొదటికొస్తుంది. అన్నీ ఒక డబ్బాలో పెట్టి మూడు నెలలు తెరవకండి. ఈలోగా ఏదైనా ఒక పని కోసం డబ్బా తెరవాల్సి వస్తే ఆ చాకుకు స్థిరమైన చోటు ఇవ్వండి: పనిముట్ల పెట్టెలో ఒకటి, వంటగదిలో ఒకటి. తెరవనివి వాడేవాళ్లకు ఇచ్చేయండి లేదా అమ్మేయండి. జ్ఞాపకంగా వచ్చినదాన్ని మాత్రం దాచుకోండి, దానికి వాడుకతో పనిలేదు.

ఇచ్చేముందు పదును పెట్టి ఇవ్వండి. తీసుకునే మనిషికి చాకు వాడకం కొత్తయితే తెరవడం, లాకు తీయడం, మూయడం ఒకసారి చేసి చూపించి, మూసిన చాకునే చేతికి అందించండి.